తాత చేతి వణుకు, మేనమామ చెవులు, పిల్లవాడి ఆటిజం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు అది ఇలా ఉంది. నాలుగేళ్ల మీ బాబుకు ఆటిజం ఉందని హైదరాబాదులో చెప్పారు. బాబు తల పెద్దది, చెవులు పెద్దవి, మునివేళ్ల మీద నడుస్తాడు. ఆ తల, ఆ చెవులు అచ్చంగా మీ బావమరిదివే. మీ మామగారు మొదటి నుంచి ముభావంగా ఉండే మనిషి. నలుగురిలో కూర్చోరు, కానీ ఏ సంవత్సరం ఏ నెలలో ఊరి చెరువు అలుగు పారిందో తేదీతో సహా చెబుతారు. ఇప్పుడు ఆయనకు అరవై ఆరేళ్లు, రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. ఇదంతా కలిపి చూసి, 'పిల్లవాడికి వచ్చింది తల్లి తరఫుదే' అని దేవరకొండలో మీ ఇంటివాళ్లు మీ భార్యను అంటున్నారు. రూపంతోపాటు ఆటిజం కూడా అదే దారిలో వచ్చిందా, ఎనిమిది నెలల పాపకు కూడా వస్తుందా అని అడిగారు. మీ భార్య మీ సొంత మేనమామ కూతురేనని ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాశారు.

ముందు సూటిగా సమాధానం చెబుతాను. రూపంలోని పోలిక ఆటిజానికి గుర్తు కాదు. ఆటిజంలో వారసత్వం పాత్ర చాలా ఎక్కువే, కానీ చెవులు, తల, నడక, స్వభావం, ఆటిజం అన్నీ ఒకే మూటలో కట్టి ఒకరి నుంచి మరొకరికి అందేవి కావు. ఎక్కువ కుటుంబాల్లో అవి దేనికది వేరుగా వస్తాయి. అయితే కొద్ది కుటుంబాల్లో ఒకే ఒక్క జన్యువులోని మార్పు శరీరం మీద ఒక గుర్తును, బుద్ధి వికాసం మీద మరొక గుర్తును వదులుతుంది. మీ ఇంట్లో అలాంటిది ఉందేమో ఒక రక్తపరీక్షతో తేల్చుకోవలసిన అవసరం ఉందని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి కారణం మీ బావమరిది చెవులు కాదు, మీరు అంతగా పట్టించుకోకుండా రాసిన మీ మామగారి చేతి వణుకు.

నేను ఇరవై రెండేళ్లుగా నల్గొండలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూస్తున్న వైద్యుడిని. దేవరకొండ, మిర్యాలగూడ వైపు నుంచే కాక కల్వకుర్తి, అచ్చంపేట నుంచి కూడా కుటుంబాలు వస్తుంటాయి. తల్లిదండ్రులతో పాటు నాయనమ్మ, అమ్మమ్మ, మేనమామ కూడా గదిలోకి వచ్చి కూర్చున్నప్పుడు మొదట మొదలయ్యేది పోలికల చర్చే. అది వ్యర్థమైన చర్చ అని నేను ఎప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే కుటుంబాన్ని దశాబ్దాలుగా చూసిన ముసలివాళ్ల కళ్లు నా కళ్ల కంటే ఎక్కువ గమనించి ఉంటాయి. ఇబ్బంది అంతా చూసినదాన్నుంచి ఏమి నిర్ధారించుకుంటారన్న దగ్గరే వస్తుంది.

ఒక ఇంట్లో అందరికీ కనిపించేదంతా రక్తంలో వచ్చిందే అనుకోకూడదని మన జిల్లాకు తెలిసినంతగా మరే జిల్లాకూ తెలియదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు పల్లెల్లో తాతకు వంగిపోయిన నడుము, తండ్రికి వంకర కాళ్లు, మనవడికి గోధుమరంగు చారల పళ్లు ఉన్న ఇళ్లను నేను ఎన్నో చూశాను. బయటివాళ్లు చూస్తే అది ఆ వంశం లక్షణమే అనుకుంటారు. నిజానికి ఆ ఇంటిల్లిపాదీ పంచుకున్నది బోరునీళ్లలోని ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పదార్థం అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్లను తరతరాలు తాగాయి. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాక అదే తల్లిదండ్రులకు పుట్టిన చిన్న పిల్లలు మంచి పళ్లతో నవ్వడం చూశాను. వంశం మారలేదు, నీళ్లు మారాయి.

ఆటిజం విషయంలో పొరపాటు దీనికి ఎదురు దిక్కున జరిగింది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజం గురించి రాసినప్పుడు, వారిలో 5గురికి తల కొంత పెద్దగా ఉందని కూడా రాశాడు. తల్లిదండ్రులలో చాలామంది మితభాషులని, మనుషుల కంటే ఆలోచనల మీద ఆసక్తి ఎక్కువ ఉన్నవారని గమనించాడు. అంటే ఈరోజు మీరు అడుగుతున్న రెండు విషయాలూ మొదటి వ్యాసంలోనే ఉన్నాయి. కానీ తర్వాతి రెండు దశాబ్దాలకు పైగా ఆ గమనింపును తలకిందులుగా చదివి, తల్లి ప్రేమ చూపకపోవడం వల్లనే పిల్లవాడు ఇలా అయ్యాడని తల్లులను నిందించారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టైన్, మైకేల్ రటర్ 21 కవల జంటలను పరీక్షించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటలలో 4 జంటలకు ఇద్దరిలోనూ ఆటిజం ఉంది, వేర్వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటలలో ఒక్క జంటకూ ఇద్దరిలో లేదు. మాటలో, బుద్ధి వికాసంలో ఉన్న తక్కువ స్థాయి ఇబ్బందులను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ 11లో 9 జంటలు కలిశాయి. ఆ తర్వాత జరిగిన పెద్ద అధ్యయనాలు ఆటిజంలో వారసత్వ భాగాన్ని సుమారు 80 శాతంగా అంచనా వేశాయి. ఇది ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో జన్యువుల వాటా గురించిన లెక్క; మీ బాబు ఆటిజంలో 80 శాతం మీ మామగారిది అని దాని అర్థం కాదు. తల్లిదండ్రుల్లో ఎవరికీ లేకుండా, పిల్లవాడిలో కొత్తగా ఏర్పడిన జన్యుమార్పు వల్ల కూడా ఆటిజం రావచ్చు.

మీ మామగారి స్వభావం గురించి ఒక మాట. ఆటిజం ఉన్న పిల్లల దగ్గరి బంధువుల్లో కొందరికి మితభాషిత్వం, ఒకే పద్ధతిని పట్టుకుని ఉండడం, ఒక విషయం మీద అసాధారణమైన జ్ఞాపకం వంటివి మిగతావారికంటే కాస్త ఎక్కువగా కనిపిస్తాయన్నది నిజమే. ఎన్నో జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు కలిసి మనిషి ఎత్తును నిర్ణయించినట్టు, ఈ స్వభావాలు కూడా జనమంతటా ఎక్కువ తక్కువలుగా పరచుకుని ఉంటాయి. కానీ వ్యవసాయం చేసి, పిల్లలను పెంచి, ఊరి చెరువు చరిత్రను నోట పెట్టుకున్న పెద్దమనిషికి అరవై ఆరేళ్ల వయసులో మనవడి కోసం ఆటిజం అని పేరు పెట్టవద్దు. ఆ పేరు వల్ల బాబుకు వైద్యం మారదు, ఆయనకు మాత్రం ఇంట్లో తల దించుకోవలసి వస్తుంది.

ఇక తల సంగతి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఆరుగురిలో ఒకరికి, అంటే సుమారు 15 శాతం మందికి, తల చుట్టుకొలత మామూలు కంటే చాలా ఎక్కువ ఉంటుంది. వారిలో చాలామందికి తల్లిదండ్రులలో ఒకరికి కూడా పెద్ద తలే ఉంటుంది. నాలుగేళ్ల అబ్బాయికి సగటున తల చుట్టుకొలత సుమారు 50 సెంటీమీటర్లు. 53 దాటితే పెద్ద తల అంటాము. 'పెద్దగా ఉంది' అని కంటితో చెప్పడం కాదు, కనుబొమల పైనుంచి వెనుక ఎత్తుగా ఉన్న భాగం మీదుగా టేపు పెట్టి కొలవండి, మీదీ, మీ భార్యదీ, బావమరిదిదీ కూడా కొలవండి. కల్వకుర్తి నుంచి వచ్చిన ఒక కుటుంబంలో తండ్రి, తాత, మేనత్త, పదో తరగతి చదివే అక్క, ఆటిజం ఉన్న తమ్ముడు అందరినీ వరుసగా నిలబెట్టి కొలిచాను. అందరివీ పెద్ద తలలే. అక్క చక్కగా చదువుతుంది, మేనత్త అంగన్‌వాడీ నడుపుతుంది. తల అందరికీ వచ్చింది, ఆటిజం ఒక్కడికే వచ్చింది. అలాంటి ఇంట్లో పెద్ద తలను ఆటిజానికి కారణంగా చూపడం సరి కాదు. పిల్లవాడి తల మితిమీరి పెద్దదై, తల్లిదండ్రులలో ఒకరికి కూడా అలాగే ఉండి, వారికి థైరాయిడ్ గడ్డలు వంటివి ఉంటే మాత్రం పీటెన్ అనే జన్యువును పరీక్షించమంటాను, ఎందుకంటే ఆ మార్పు ఉన్న పెద్దలకు థైరాయిడ్, రొమ్ము క్యాన్సర్ల ముప్పు ఉంటుంది.

మునివేళ్ల నడక ఆటిజంలో తరచుగా కనిపిస్తుంది. ఏ కారణమూ లేకుండా కొన్ని కుటుంబాల్లో కూడా వస్తుంది. అయినా నాలుగేళ్ల మగపిల్లవాడు మునివేళ్ల మీద నడుస్తున్నాడంటే, కింద కూర్చుని లేచేటప్పుడు తొడల మీద చేతులు వేసుకుని లేస్తున్నాడా, పిక్కలు గట్టిగా లావుగా ఉన్నాయా చూడండి. అలా ఉంటే కండరాల వ్యాధి లేదని నిర్ధారించడానికి సీపీకే అనే రక్తపరీక్ష చేయించాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పెద్ద చెవులు, పొడవైన ముఖం, వెనక్కి వంగే వేళ్లు, చదునైన పాదాలు ఉన్న పిల్లవాడికి ఆటిజం లేదా బుద్ధి వికాసంలో ఆలస్యం ఉంటే, ఫ్రాజైల్ ఎక్స్ అనే జన్యువ్యాధికి పరీక్ష చేయించాలి. జన్యువులను మోసే పోగుల్లో ఒకటైన ఎక్స్ క్రోమోజోమ్ (ఆడవాళ్లకు రెండు, మగవాళ్లకు ఒకటి) మీద ఎఫ్‌ఎంఆర్1 అనే జన్యువు ఉంది. అందులో సీజీజీ అనే మూడక్షరాల ముక్క పదే పదే వస్తుంది. మామూలు మనుషుల్లో అది 45 సార్ల లోపే ఉంటుంది. 55 నుంచి 200 సార్ల వరకు ఉంటే ఆ మనిషి వాహకుడు, అంటే మార్పును మోస్తూ తర్వాతి తరానికి అందించగలవాడు. 200 దాటితే ఆ జన్యువు పని ఆగిపోయి, మెదడుకు అవసరమైన ఒక ప్రొటీన్ తయారుకాదు, అదే ఫ్రాజైల్ ఎక్స్. వాహకులు చిన్నతనంలో మామూలుగానే పెరుగుతారు. కానీ యాభై దాటిన వాహక పురుషుల్లో చాలామందికి చేతుల వణుకు, నడకలో తూలు వస్తాయి. వాహక స్త్రీలలో సుమారు ఐదుగురిలో ఒకరికి నలభై ఏళ్లు నిండకముందే నెలసరి ఆగిపోతుంది. తాతకు వణుకు, పిన్నికి తొందరగా ఆగిన నెలసరి, మనవడికి ఆటిజం: ముగ్గురూ మూడు వేర్వేరు డాక్టర్ల దగ్గరికి వెళతారు, మూడింటికీ మూలం ఒకటే కావచ్చన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఈ మార్పు నడిచే దారిని కూడా వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో జరుగుతున్న నిందకు సమాధానం అందులోనే ఉంది. వాహకుడైన తండ్రి తన ఒకే ఒక్క ఎక్స్‌ను కూతుళ్లందరికీ ఇస్తాడు, కొడుకులకు ఇవ్వలేడు. కనుక మీ మామగారు నిజంగా వాహకులైతే అది మీ భార్యకు తప్పక వచ్చి ఉంటుంది, మీ బావమరిదికి ఆయన నుంచి రానే రాదు. అంటే బావమరిది చెవులకు దీనితో సంబంధం ఉండదు, అవి వట్టి ఇంటి పోలికే. తండ్రి నుంచి కూతురికి వెళ్లేటప్పుడు ఆ ముక్క పెద్దగా పెరగదు. కూతురి నుంచి ఆమె బిడ్డకు వెళ్లేటప్పుడు మాత్రం 200 దాటి పెరగవచ్చు. అందుకే తాతకు, తల్లికి లేని ఆటిజం మనవడిలో బయటపడుతుంది.

మరి మీ మామగారికి ఆ ఎక్స్ ఎక్కడిది? ఆయన తల్లిది, అంటే మీ అమ్మమ్మది. మీ అమ్మ కూడా ఆమె కూతురే, కనుక ఆ ఎక్స్ మీ అమ్మకు వచ్చే అవకాశం సగం, ఆమె నుంచి మీకు వచ్చే అవకాశం అందులో సగం. మీకే వచ్చి ఉంటే మీ బాబుకు మీ నుంచి రాదు, కానీ మీ పాపకు తప్పక వస్తుంది. మేనరికం చేసుకున్న ఇంట్లో 'మీ తరఫు, మా తరఫు' అని గీత గీయడానికి చోటే లేదు. మీ భార్యను అనే ప్రతి మాటా మీ అమ్మ పుట్టింటిని అన్నట్టే అవుతుంది. దయచేసి ఈ పేరా మీ అమ్మగారికి చదివి వినిపించండి.

ఇంత రాశాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఆటిజం ఉన్న పిల్లలందరినీ పరీక్షిస్తే ఫ్రాజైల్ ఎక్స్ బయటపడేది నూటికి ఒకరిద్దరిలోనే. అరవై దాటినవారికి చేయి వణకడానికి మామూలుగా వచ్చే వణుకు జబ్బు, పార్కిన్సన్స్, థైరాయిడ్, కొన్ని మందులు ఎక్కువగా కారణమవుతాయి. కాబట్టి పరీక్షలో ఏమీ లేదని వచ్చే అవకాశమే ఎక్కువ. అయినా చేయించమంటున్నాను, ఎందుకంటే ఒకప్పుడు నేను చేయించలేదు. పద్నాలుగేళ్ల క్రితం మిర్యాలగూడ వైపు నుంచి ఐదేళ్ల బాబును తీసుకువచ్చారు. పొడవైన ముఖం, పెద్ద చెవులు. 'ఇవి మా వంశం చెవులయ్యా' అని అమ్మమ్మ చెప్పింది, నేను ఆ మాట నమ్మి ఆటిజం అని రాసి శిక్షణకు పంపాను. మూడేళ్లకు ఆ తల్లి చెల్లెలు తన రెండేళ్ల కొడుకును ఎత్తుకుని వచ్చింది, అవే చెవులు, అదే మౌనం. అప్పుడు పరీక్షిస్తే అక్కాచెల్లెళ్లిద్దరూ వాహకులని తేలింది. మొదటిసారే పరీక్ష చేయించి ఉంటే ఆ చెల్లెలు గర్భం దాల్చకముందే తన సంగతి తెలుసుకునేది. ఆ తప్పు నాది, దాన్ని ఇప్పటికీ మర్చిపోలేదు.

చెవులు, తల కంటే నేను చర్మం మీద ఎక్కువ నమ్మకం పెట్టుకుంటాను. బాబును పూర్తిగా బట్టలు విప్పించి వెలుతురులో చూడండి. వేపాకు లాంటి పొడవాటి తెల్లమచ్చలు మూడు, అంతకంటే ఎక్కువ ఉన్నా, కాఫీరంగు మచ్చలు ఆరు, అంతకంటే ఎక్కువ ఉన్నా తప్పక డాక్టరుకు చూపించండి. ఫిట్స్ కూడా ఉంటే ఆలస్యం చేయవద్దు. అచ్చంపేట నుంచి వచ్చిన ఒక పాపకు అలాంటి తెల్లమచ్చలను శోభి అనుకుని మందు రాస్తూ వచ్చారు. నేను పాపను చూస్తూ తల్లి ముఖం వైపు చూశాను. ముక్కుకు రెండువైపులా ఎర్రని చిన్న బొడిపెలు, పెళ్లికి ముందు నుంచే ఉన్న మొటిమలని ఆమె చెప్పింది. అవి మొటిమలు కావు. ఇద్దరికీ ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యువ్యాధి ఉంది. ఆ వ్యాధి ఉన్నవారిలో సుమారు సగం మందికి ఆటిజం ఉంటుంది, కొందరు మాత్రం ఆ తల్లిలాగా మామూలుగా జీవిస్తారు. స్కానింగ్ చేయిస్తే ఆమె మూత్రపిండంలో గడ్డ కనిపించింది. బిడ్డ కోసం వచ్చిన తల్లికి తన సంగతి కూడా సమయానికి తెలిసింది. శరీర లక్షణాన్ని చూడడం వల్ల నిజంగా మేలు జరిగేది ఇలాంటి చోటే.

మేనరికం వల్లనే ఆటిజం వచ్చిందా అని మీరు అడగలేదు కానీ, మీ ఇంట్లో ఎవరో అడిగే ఉంటారు. మేనమామ కూతురిని చేసుకుంటే పుట్టే బిడ్డలో పదహారో వంతు జన్యువులు రెండు వైపుల నుంచీ ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవై ఉంటాయి. సొంత మేనమామనే చేసుకుంటే అది ఎనిమిదో వంతు. దీనివల్ల చెవుడు, కొన్ని జీవక్రియ లోపాలు, బుద్ధిమాంద్యం వంటి, తల్లి తండ్రి ఇద్దరి నుంచీ ఒకే లోపం వస్తేనే బయటపడే వ్యాధుల ముప్పు పెరుగుతుంది. ఫ్రాజైల్ ఎక్స్‌కు మేనరికం అవసరం లేదు. అయితే మీ బాబుకు ఇంతవరకు వినికిడి పరీక్ష చేయించకపోతే, అన్నిటికంటే ముందు బేరా పరీక్ష చేయించండి. పిలిస్తే పలకని మేనరికపు పిల్లల్లో చెవుడును ఆటిజంగా పొరబడిన సందర్భాలు నాకు తెలుసు.

పాప గురించి. పెద్దబిడ్డకు ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు ఉండే అవకాశం సుమారు 20 శాతం, ఆడపిల్లలకు అంతకంటే తక్కువ. ఫ్రాజైల్ ఎక్స్ అని తేలితే ఈ లెక్క మారుతుంది, అప్పుడు పాపకు కూడా పరీక్ష అవసరమా అన్నది జన్యువైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోండి. అంతవరకు పాప ముఖంలో పోలికలు వెతకవద్దు, ప్రవర్తనను చూడండి: ఏడాది నిండేసరికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తోందా, టాటా చెబుతోందా, ఏడాదిన్నరకు కావలసినదాన్ని వేలితో చూపి, చూపిస్తూ మీ కళ్లలోకి చూస్తోందా. వీటిలో ఏది లేకపోయినా రెండేళ్లు నిండనీ అని ఆగకుండా తీసుకురండి.

పరీక్షలకు హైదరాబాదులో నిమ్స్ ఆస్పత్రి జన్యువైద్య విభాగం ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ అనే జన్యు పరిశోధన సంస్థ ఉంది. ఫ్రాజైల్ ఎక్స్ పరీక్షతోపాటు, క్రోమోజోముల్లో ముక్కలు తగ్గాయా పెరిగాయా చూసే క్రోమోజోమల్ మైక్రోఅరే కూడా అడగండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఎక్కువ ఖర్చుతో ఎన్నో జన్యువులను ఒకేసారి చదివే ఎక్సోమ్ పరీక్షలో ఫ్రాజైల్ ఎక్స్ సాధారణంగా దొరకదు, మైక్రోఅరేలోనూ దొరకదు, దాన్ని విడిగా పేరు పెట్టి అడగాలి. ఇప్పటికే వేలు ఖర్చుపెట్టి జన్యుపరీక్ష అయిపోయిందనుకున్న కుటుంబాలు ఈ ఒక్క పరీక్ష లేకుండానే నా దగ్గరికి వస్తుంటాయి. ముందు బాబుకే చేయించండి. మామగారికి, మీ భార్యకు, మీకు అవసరమా కాదా అన్నది బాబు ఫలితాన్ని బట్టి తేలుతుంది. బాబుకు ఏమీ లేదని వస్తే మామగారి వణుకును నరాల డాక్టరుకు విడిగా చూపించండి, అది ఆయన ఆరోగ్యం కోసం.

ఫలితం వచ్చేవరకు శిక్షణ ఆపవద్దు. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రికి అనుబంధంగా ఉండే సత్వర చికిత్స కేంద్రంలో మాట, ప్రవర్తన, నడక శిక్షణలు ఉచితం. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో బుద్ధి వికాస లోపాలున్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థలో పూర్తి అంచనా వేస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కనుక దివ్యాంగ ధ్రువపత్రం కూడా తీసుకోండి.

జన్యువైద్యుడి దగ్గరికి వెళ్లే ముందు ఒక కాగితం మీద మీ అమ్మమ్మ, తాతయ్యల నుంచి కిందికి అందరి పేర్లూ చెట్టులా గీయండి. ఎవరికి ఏ వయసులో వణుకు మొదలైంది, ఎవరికి నెలసరి తొందరగా ఆగింది, ఎవరి బిడ్డలు ఆలస్యంగా మాట్లాడారు, ఎవరికి ఫిట్స్ వచ్చాయి, ఎవరెవరిది మేనరికం అన్నవి పక్కన రాయండి. ఈ వివరాలు ఇంట్లో అందరికంటే ఎక్కువగా గుర్తున్నది మీ మామగారికే అయి ఉంటుంది. ఆయన పక్కన కూర్చుని అడిగి రాసుకోండి.